బట్ట నడిచిన బాట – 17: నిషేధాల మడతల్లో కిమోనో

1741లో ఎడో (నేటి టోక్యో) నగరంలోని నాకమురా-జా నాటకశాలలో సానొగావా ఇచిమత్సు అనే కుర్ర నటుడు ఒక ప్రేమకథలో వేషం కట్టాడు. నడుం నుంచి పాదాల దాకా కుచ్చిళ్ళతో దిగే హకామా తొడుక్కున్నాడు. దాని మీద ఒకటి విడిచి ఒకటిగా తెలుపు, ముదురు నీలం గళ్ళు. ఆ నమూనా జపాన్‌కు కొత్తదేమీ కాదు. రాళ్ళు పరిచిన నేలను తలపిస్తుందని దాన్ని అంతకుముందు నుంచే 'ఇషిదాతామి' అనేవారు. అయినా ఇచిమత్సు ఒంటి మీద చూశాక ఎడో ఆడవాళ్ళకు అదే కావాల్సి వచ్చింది. ఆ గళ్ళకు అతని పేరే ఖాయమైపోయింది. టోక్యో 2020 ఒలింపిక్స్ చిహ్నంలోని ముదురు నీలం గళ్ళ వలయం ఇచిమత్సుదే. మన ఇళ్ళలో పిల్లలు ఇష్టంగా చూసే 'డీమన్ స్లేయర్' కథానాయకుడు తంజిరో వేసుకునే ఆకుపచ్చ, నలుపు గళ్ళ పైవస్త్రం కూడా ఆ నటుడి పేరు మోస్తున్నదే.

గత భాగంలో మన కోరమాండల్ తీరపు అద్దకం బట్ట డచ్చివాళ్ళ ఓడలెక్కి నాగసాకి రేవు చేరింది. ఆ బట్ట జపాన్‌లో ఎవరి ఒంటి మీదికి ఎక్కింది, ఎవరికి భయపడి ఎక్కడ దాక్కుంది అన్నది తెలియాలంటే ముందు నాటకశాలలోకి వెళ్ళాలి. దుస్తుల చరిత్రను రాజులతో, దర్బారులతో మొదలుపెట్టడం అలవాటు. కిమోనో విషయంలో ఆ దారి మనల్ని ఎక్కువ దూరం తీసుకెళ్ళదని నా నమ్మకం. ఈ రోజు ప్రపంచమంతా కిమోనో అని గుర్తుపట్టే రూపం రెండు శక్తుల పెనుగులాటలో తయారైంది. ఒకవైపు 'ఇది కట్టకూడదు, అది తొడగకూడదు' అని శాసిస్తూ వచ్చిన షోగన్ల (సైనిక పాలకుల) ప్రభుత్వం. మరోవైపు ఆ శాసనాలు తలకెత్తుకుంటూనే కొత్త అందం కనిపెట్టిన నటులు, గెయిషాలు, దర్జీలు, అద్దకం పనివాళ్ళు. అక్కడి నాట్యంలో, వేషధారణలో ఇప్పటికీ వాడే మాటలు చాలావరకు ఆ పెనుగులాటలో పుట్టినవే.

కథ 1603లో మొదలవుతుంది. తొకుగావా ఇయెయాసు షోగన్ పదవి చేపట్టిన ఏడాది అది. ఇజుమో మందిరంలో సేవిక అని చెప్పుకున్న ఒకుని అనే స్త్రీ క్యోటోలో మగవేషం కట్టి ఆడింది. నడుముకు కత్తి, మెడలో క్రైస్తవుల శిలువ వేలాడే గొలుసు. ఆనాటి బొమ్మల్లో ఆమె వేషం ఇలాగే కనిపిస్తుంది. ఊరి కట్టుబాటుకు అడ్డంగా, వంకరగా నడిచేవాళ్ళను అప్పట్లో 'కబుకి మోనో' అనేవారు. ఒకుని ఆటకూ ఆ పేరే వచ్చింది. ఒక స్త్రీ మగవాడిలా నడుస్తుంటే చూడడానికి జనం కామో నది ఒడ్డుకు విరగబడ్డారు. వేశ్యావాటికల యజమానులు కూడా తమ స్త్రీలతో బృందాలు పెట్టి ఆడించారు. 1629లో ప్రభుత్వం స్త్రీలను వేదిక మీది నుంచి పూర్తిగా దించేసింది. వాళ్ళ చోటులోకి కౌమారంలో ఉన్న అబ్బాయిలు వచ్చారు. వాళ్ళ కోసమూ కొట్లాటలు జరిగేసరికి 1652లో వాళ్ళనూ ఆపేశారు. మళ్ళీ నాటకాలకు అనుమతి ఇచ్చినప్పుడు ఒక షరతు పెట్టారు: నటులు పెద్ద మగవాళ్ళలా నుదుటిపై ముంగురులు గొరిగించుకోవాలి.

నటుడి అందాన్ని తీసేయడానికి పెట్టిన షరతు అది. స్త్రీ పాత్రలు వేసేవాళ్ళు ఆ బోడి నుదుటి మీద ఒక చిన్న పట్టుగుడ్డ కప్పుకున్నారు. కాలక్రమంలో దానికి ఊదారంగు స్థిరపడింది, 'మురసాకి బోషి' అనే పేరూ వచ్చింది. చూసేవాళ్ళకు ఆ గుడ్డే శృంగార చిహ్నమైపోయింది. తర్వాత విగ్గులు వచ్చి దాని అవసరం తీరిపోయినా, పాతకాలపు స్త్రీ పాత్రలు కొన్నింటికి విగ్గు ముందుభాగంలో ఆ ఊదా గుడ్డ నేటికీ పెడుతున్నారు. ఒక శాసనం రద్దయిన తర్వాత కూడా దాని మచ్చ అలంకారమై మిగిలింది.

స్త్రీ పాత్రలు ధరించే మగవాళ్ళను 'ఒన్నగాటా' అంటారు. వాళ్ళ అభ్యాసం చాలా కఠినం. వెనక భుజపుటెముకలను ఒకదానికొకటి దగ్గరకు లాగి భుజాలు కిందికి జారినట్టు చేస్తారు. పాదాల వేళ్ళు లోపలికి తిప్పి, మోకాళ్ళు కలిపి, కాస్త కుంగి నడుస్తారు. మోకాళ్ళ మధ్య కాగితం పెట్టి అది జారకుండా నడిపించడం శిక్షణలో ఒక పద్ధతి. యోషిజావా అయామె (1673–1729) అనే మహానటుడు ఒన్నగాటా ఇంట్లో కూడా స్త్రీలాగే బతకాలని, లేకపోతే వేదిక మీద అది పట్టుబడుతుందని బోధించాడు. స్థానం నరసింహారావు సత్యభామ గురించీ, వేదాంతం సత్యనారాయణ శర్మ భామాకలాపం గురించీ పెద్దవాళ్ళ నోట విన్న తెలుగువాళ్ళకు ఈ సాధన విలువ విడమర్చి చెప్పక్కర్లేదు. మన శాస్త్రం ఆహార్యాన్ని అభినయంలో ఒక భాగంగా లెక్కించింది. కబుకిలో ఆ మాట అక్షరాలా నిజం. అక్కడ బట్ట కూడా నటిస్తుంది.

ఆ నటన ఎలా సాగుతుందో తెలియాలంటే ముందు కిమోనో కుట్టు తెలియాలి. 'తన్' అనే ఒక చుట్ట బట్ట వెడల్పు సుమారు 36 నుంచి 38 సెంటీమీటర్లు, పొడవు ఇంచుమించు 12 మీటర్లు. దానిలోంచి ఒంటికి రెండు ముక్కలు, చేతులకు రెండు, ముందు పొరలకు రెండు, మెడపట్టీకి రెండు తీస్తారు. అన్నీ తిన్నని కోతలే, వంపు కోత ఒక్కటీ ఉండదు. విప్పేసి ఉతికి మళ్ళీ కుట్టుకోవచ్చు. పొట్టి, పొడుగు, లావు, సన్నం ఎవరికైనా ఆకారం అదే. అంటే దర్జీ కత్తెరకు ఫ్యాషన్ సృష్టించే అవకాశమే లేదు. ఉన్న అవకాశమంతా రంగులో, నమూనాలో, లోపలి పొరలో, మెడ వెనక వదిలే సందులో, నడికట్టులో. ఎడో కాలంలో రెండున్నర శతాబ్దాలకు పైగా అందమంతా ఈ కొద్ది చోట్లలోనే ఇమిడింది. ఎడమ అంచు పైకి వచ్చేలా కట్టాలన్న నియమం మాత్రం అంతకంటే చాలా పాతది. 719లో రాజశాసనంగా వచ్చింది. దానికి తిరగేసి కట్టేది శవానికి మాత్రమే.

నడికట్టును 'ఓబి' అంటారు. 17వ శతాబ్దపు ఆరంభంలో అది సన్నని పట్టీ. కిమోనో విడిపోకుండా ఆపడమే దాని పని. వంద, నూట యాభై ఏళ్ళలో అది జానెడు దాటి పెరిగి, వీపంతా ఆక్రమించుకుంది. ఆ పెరుగుదలలో ఒన్నగాటాల పాత్ర పెద్దది. పొడవాటి మగవాడి ఒడ్డూ పొడవూ కప్పిపుచ్చడానికి వెడల్పాటి ఓబి, వేలాడే పొడుగు చేతులు బాగా అక్కరకొచ్చాయి. 1670లలో ఉయెమురా కిచియా అనే ఒన్నగాటా ఓబి రెండు కొసలూ వీపు మీద చెవుల్లా వేలాడేలా ముడి వేశాడు. 'కిచియా ముసుబి' ఊరంతా పాకింది. ఆ ముడి ఎలా ఉండేదో చూడాలంటే హిషికావా మొరొనొబు గీసిన 'వెనుదిరిగి చూసే సుందరి' బొమ్మ చూడండి. ఎర్ర కిమోనోలో నడుస్తూ వెనక్కి తిరిగిన ఆ యువతి వీపు మీద ఉన్నది కిచియా ముడే. 1948లో తపాలా బిళ్ళ మీదికెక్కి ఆ బొమ్మ మరింత ప్రసిద్ధికెక్కింది. బొమ్మలోని స్త్రీ ఎవరో లోకానికి తెలియదు. ఆమె వీపు మీది ముడి ఎవరిదో మాత్రం తెలుసు.

ఇప్పుడు పెళ్ళిళ్ళకూ వేడుకలకూ జపాన్ స్త్రీలు ఎక్కువగా వేసే ముడి 'ఒతాయికో'. వీపు మీద చదరపు పెట్టెలా కనిపిస్తుంది. 19వ శతాబ్దపు తొలినాళ్ళలో ఎడోలోని కమెయిదో తెన్జిన్ మందిరం ముందున్న డోలు ఆకారపు వంతెనను తిరిగి కట్టినప్పుడు, ఫుకగావా గెయిషాలు ఆ వంపును తలపించేలా ఓబి కట్టుకుని వెళ్ళారనీ, ఆ పేరు అలా వచ్చిందనీ చెబుతారు. ఈ ముడి సొంతంగా నిలవదు. లోపల చిన్న దిండు, దాన్ని కప్పే పట్టుగుడ్డ 'ఒబియాగె', అన్నింటినీ పట్టి ఉంచే తాడు 'ఒబిజిమె' కావాలి. ఆ తాడు మీద గుచ్చే బిళ్ళ 'ఒబిదోమె' వెనక ఒక జీవనోపాధి కథ ఉంది. 1876లో, షోగన్ల తర్వాత వచ్చిన మెయిజీ ప్రభుత్వం సమురాయిలు కత్తి ధరించడాన్ని నిషేధించింది. కత్తి పిడులకు బంగారు, వెండి పనితనం చేసే కళాకారులు ఒక్క దెబ్బతో పని కోల్పోయారు. వాళ్ళలో చాలామంది అదే ఉలితో స్త్రీల ఒబిదోమెలు చెక్కి బతికారు. మగవాళ్ళ నడుము మీద ఆగిపోయిన పనితనం ఆడవాళ్ళ నడుము మీద కొనసాగింది.

నిషేధాలు నాటకశాలకే పరిమితం కాలేదు. వర్తకులు సమురాయిల కంటే ధనవంతులవుతున్న కొద్దీ ప్రభుత్వానికి కంటగింపు పెరిగింది. 1683లో స్త్రీల దుస్తుల మీద బంగారు జరీ, సూదిపని, ఒళ్ళంతా చిన్న చిన్న ముడులు కట్టి అద్దే కనోకో పని కూడదన్నారు. సరిగ్గా ఆ రోజుల్లోనే క్యోటోలో విసనకర్రల మీద బొమ్మలు వేసే మియజాకి యూజెన్ పేరు మోగింది. బియ్యప్పిండి జిగురుతో గీతలు గీసి, మధ్యలో కుంచెతో రంగులు నింపే పద్ధతికి 'యూజెన్' అని అతని పేరే పెట్టారు. జరీ అక్కర్లేదు, సూదీ అక్కర్లేదు, శాసనంలో దొరికే తప్పేమీ లేదు. తర్వాత పైబట్టలో రంగులే తగ్గించమన్నప్పుడు జనం గోధుమ, బూడిద, నీలి ఛాయల్లోనే వైవిధ్యం వెతికారు. గోధుమలో 48, బూడిదలో 100 ఛాయలని నానుడి. వాటిలోనూ నటుల పేర్లు దూరాయి. రెండో సెగావా కికునోజో కలంపేరు రోకో. అతని పేరున 'రోకో-చా' ఆడవాళ్ళకు ప్రాణప్రదమైన రంగు. ఇచికావా వంశపు ఇటుక ఛాయ 'దంజూరో-చా'.

ఆంక్షలు ముదిరిన కొద్దీ సంపద లోపలి పొరలోకి వెళ్ళిపోయింది. బయటికి సాదా బూడిద నేత, లోపల అస్తరు మీద నిప్పులాంటి పట్టు. దీన్ని 'ఉరమసారి' అన్నారు. బయటి బట్టను మించిన అస్తరు అన్నమాట. చేయి ఎత్తినప్పుడో, అంచు కాస్త జారినప్పుడో మాత్రమే కనబడే అందం అది.

మన తీరపు బట్ట ఈ మడతల్లోకే వచ్చి చేరింది. 1641లో డచ్చి వర్తకులను నాగసాకి దగ్గరి దెజిమా అనే చిన్న కృత్రిమ ద్వీపంలో ఉంచేశారు. జపాన్‌తో వ్యాపారం చేసే ఐరోపా వాళ్ళు ఇక వాళ్ళే. మచిలీపట్నం మొదలుకొని కోరమాండల్ రేవుల్లో కొన్న కలంకారీ, అద్దకం బట్టలు వాళ్ళ ఓడల్లో అక్కడికి చేరేవి. జపాన్ వాళ్ళు వాటిని 'సరసా' అని పిలిచి ప్రాణంలా చూసుకున్నారు. చిరివేరుతో వచ్చే ఆ ఎరుపు ఎన్ని ఉతుకులకైనా చెక్కుచెదరకపోవడం అక్కడి అద్దకందార్లకు ఆశ్చర్యం. చిన్న ముక్క దొరికినా పారేసేవాళ్ళు కాదు. టీ పాత్రల సంచులుగా, పొగాకు తిత్తులుగా, కిమోనో లోపల తొడిగే జుబాన్‌గా, ఓబిగా కుట్టుకున్నారు. హికోనే ప్రభువుల ఇంట్లో సేకరించిన 450 సరసా ముక్కలు ఇప్పుడు టోక్యో జాతీయ సంగ్రహాలయంలో ఉన్నాయి. వాటిలో ఎక్కువ భాగం మన దేశపువే. 1778లో సరసా నమూనాలతో ఒక పుస్తకమే అచ్చయింది. మైలాపూరు పక్కనున్న శాంథోమ్ రేవు పేరు జపాన్ నోట 'సంతోమె' అయింది. అక్కడి నుంచి వచ్చిన సన్నచారల నూలు బట్ట ఎడోలో రసికుల గుర్తు. చారకు జపనీయులు వాడే 'షిమా' అనే మాటకు దీవి అనే అర్థం కూడా ఉంది. సముద్రం మీది దీవుల నుంచి వచ్చిన సరుకు కాబట్టి ఆ పేరు అంటారు. తమ మగ్గం మీది చారలు అంత దూరాన ఒక మహానగరపు సౌందర్యదృష్టిని మలిచాయని ఇక్కడి నేతగాళ్ళకు ఎవరూ చెప్పలేదు. ఆ సంగతి తలచుకుంటే నాకు గర్వమూ, దుఃఖమూ రెండూ కలుగుతాయి.

నటుల మీద శిక్షలు మాటలతో ఆగలేదు. 1842లో, షోగన్ ప్రధాన మంత్రి మిజునో తదకుని సంస్కరణల కాలంలో, ఏడో ఇచికావా దంజూరోను ఎడో నుంచే వెళ్ళగొట్టారు. వేదిక మీద అసలైన కవచం వాడాడన్నది నేరాల్లో ఒకటి. కాగితంతో చేసిన నకిలీ కవచం అయితే సరిపోయేదట. అప్పటికి రెండేళ్ళ క్రితమే అతను 'కన్జించో' నాటకానికి ప్రాణం పోశాడు. దేశంలో అంతటి నటుడు లేడు. అయినా పొమ్మన్నారు.

ఇప్పుడు వేదిక మీద బట్ట చేసే అసలు అద్భుతానికి వద్దాం. 1753లో నాకమురా-జాలో మొదటి నాకమురా తొమిజూరో ఆడిన 'క్యోగనోకో ముసుమె దోజోజి' కబుకి నాట్యాలన్నింటిలో తలమానికం. కీ ప్రాంతంలోని దోజోజి గుడి గంట దీనికి మూలకథ. తనను కాదని పారిపోయిన యువ సన్యాసి ఆ గంటలో దాక్కుంటే, ప్రేమించిన కియొహిమె పాముగా మారి గంటను చుట్టి కాల్చేసింది. ఏళ్ళ తర్వాత కొత్త గంట కట్టే పండుగకు హనకో అనే నర్తకి వస్తుంది. గంట చుట్టూ ఆడుతూ, పాడుతూ, పసిపిల్లలా బంతి ఆడుతూ, చేతిరుమాలు కొసను పంటితో పట్టి వలపు ఒలకబోస్తూ, డప్పు వాయిస్తూ దాదాపు గంటసేపు నాట్యం చేస్తుంది. ఇంతసేపూ కథ ముందుకు నడవదు. నడిచేది దుస్తులే. వాలిన చెర్రీ పూలకొమ్మలున్న ఎర్ర ఫురిసోదె (పొడుగు చేతుల కిమోనో) ఒక్క క్షణంలో మాయమై లేత నీలం ఫురిసోదె కనిపిస్తుంది. నర్తకి వేదిక దిగదు, అడుగు తప్పదు.

దీన్ని 'హికినుకి' అంటారు. లాగి తీసేయడం అని అర్థం. లోపలి కిమోనో మీద పైదాన్ని నడుము దగ్గర రెండు ముక్కలుగా విడదీసి, భుజాల దగ్గర, చేతుల వెంట, పక్కల మీద లావుపాటి దారంతో కచ్చా కుట్లు వేస్తారు. ప్రతి దారం కొసకూ వేలికి అందేలా ఒక చిన్న గుండు ఉంటుంది. నర్తకి వెనకే 'కోకెన్' అనే సహాయకుడు కూర్చుని ఉంటాడు. చాలాసార్లు అతను ఆ నటుడి శిష్యుడే. నాటకాల్లో నల్ల ముసుగుతో తిరిగే కురోగో వేరు. ఇలాంటి నాట్యాల్లో కోకెన్ వంశచిహ్నమున్న కిమోనో, హకామా తొడుక్కుని ముఖం కనబడేలాగే ఉంటాడు. నర్తకి కూర్చున్నప్పుడు ఒక దారం, వీపు తిప్పినప్పుడు మరొక దారం, చేయి చాచినప్పుడు ఇంకొకటి. తాళం తప్పకుండా ఒక్కొక్కటే తీసేస్తాడు. చివరి దారం పోయాక బట్ట కేవలం నర్తకి ఒంటి నిలకడ మీద ఆధారపడి ఉంటుంది. అప్పుడు షమిసెన్ అనే తంత్రీవాద్యం మీద మీటు పడే క్షణానికి లాగుతారు. ఒక్క దారం మిగిలిపోతే చాలు, అంతా చెడిపోతుంది. ప్రేక్షకుడు కోకెన్‌ను చూస్తూనే ఉంటాడు, అయినా రంగు మారినప్పుడు ఉలిక్కిపడతాడు. కబుకి ప్రదర్శనలు నెలకు సుమారు 25 రోజులు సాగుతాయి. ప్రతి రోజూ ఆట ముగిశాక తెరవెనక ఎవరో సూది పట్టుకుని ఆ కుట్లన్నీ మళ్ళీ మొదటి నుంచి వేయాలి. కరతాళధ్వనుల్లో వాళ్ళ వాటా వాళ్ళకు చేరదన్నది నా బాధ.

'బుక్కాయెరి' ఇంకో తీరు. ఇక్కడ బట్ట ఊడిరాదు. భుజాల మీది కుట్లు లాగగానే పైభాగమంతా తిరగబడి నడుము మీదుగా కిందికి జారుతుంది. అంతసేపూ లోపల దాగి ఉన్న అస్తరు, దాని మీది నమూనా బయటపడతాయి. పాత్ర అసలు రూపం బయటపెట్టే ఘట్టాల్లో దీన్ని వాడతారు. 1784 నాటి 'సెకినోతో'లో మంచు కొండల మీది కాపలాదారు తన నిజరూపమైన ఒతోమో నో కురొనుషిగా మారేదీ, ఎదుటి స్త్రీ చెర్రీచెట్టు ఆత్మగా మారేదీ ఇలాగే. 1762లో రెండో సెగావా కికునోజో మొదట ఆడిన 'సగీ ముసుమె'లో మంచులో నిలబడ్డ తెల్లని పెళ్ళికూతురు ఎర్రదనంలోకి, చివరికి ఈకల నమూనాతో గాయపడ్డ కొంగగా మారుతుంది. ఊళ్ళో వర్తకులు శాసనానికి వెరచి అందాన్ని అస్తరులో దాచుకున్నారు. నాటకశాల ఆ అస్తరును వేల కళ్ళ ముందు తిరగేసి చూపింది. ఎవరు ఎవరి నుంచి నేర్చుకున్నారో ఇప్పుడు విడదీయడం కష్టం. ఒకే నగరం, ఒకే భయం, ఒకే కుట్టుపని.

దోజోజి కథ కబుకి కంటే ముందు నో నాటకంలో ఉంది. అక్కడి పద్ధతి పూర్తిగా వేరు. ప్రధాన నటుడు కిందికి దిగుతున్న బరువైన గంటలోకి ఎగిరి దూకుతాడు. ఆ చీకట్లో ఒక్కడే, ఎవరి సాయమూ లేకుండా, ముసుగూ దుస్తులూ మార్చుకుని రాక్షసిగా బయటికి రావాలి. పైవస్త్రం కింద త్రికోణాల వరుస ఉంటుంది. పాము పొలుసులకు గుర్తైన ఆ నమూనాను 'ఉరోకో' అంటారు. కబుకి హనకో కూడా చివర అదే త్రికోణాల బట్టలో గంటనెక్కి నిలబడుతుంది. నోలో దుస్తులను ఎరుపు ఉన్నవి, ఎరుపు లేనివి అని రెండుగా విడదీస్తారు. 'ఇరోయిరి' అయితే పడుచు పిల్ల, 'ఇరోనషి' అయితే నడివయసు దాటిన స్త్రీ. ఎరుపుకు యౌవనం అన్న ఈ అర్థం కబుకిలోకీ నడిచింది. రాకుమారి పాత్రలకు 'అకాహిమె', అంటే ఎర్ర రాకుమారి, అన్న పేరే ఉంది.

నాట్యానికి జపాన్ భాషలో పాత మాటలు మూడు. నేలకు పాదం ఆనించి జారుతూ, తిరుగుతూ చేసేది 'మాయి'. ఎగిరి, అడుగు కొట్టి చేసేది 'ఒదోరి'. పాటలోని అర్థాన్ని సైగలతో చూపేది 'ఫురి'. క్యోటో, ఒసాకాల వాళ్ళు మాయి అంటే, ఎడో వాళ్ళు ఒదోరి అన్నారు. ఈ రెంటినీ కలిపిన 'బుయో' అన్న మాట 1904లో త్సుబొఉచి షోయో రాసిన గ్రంథం తర్వాత స్థిరపడింది. క్యోటో మాయి గదిలో, ఒక్క చాప మేర చోటులో కూడా ఆడగలిగేది. చేతి విసనకర్రలో కీలు దగ్గర సీసం ముక్క దాచి బరువు పెడతారు. గాలిలోకి తిప్పి విసిరినా తిరిగి చేతికి చేరేది దానివల్లే.

ఈ నర్తకులు ధరించే, నేల మీద ఈడ్చుకుపోయే కిమోనోను 'సుసోహికి' అంటారు. ఇది నాటకం కోసం కల్పించిన ఆడంబరం అని చాలామంది అనుకుంటారు. కాదు. ఎడో కాలపు కలిగినింటి స్త్రీలు ఇంట్లో అలాగే తిరిగేవారు. వీధిలోకి వెళ్ళేటప్పుడు మాత్రం అంచు ఎత్తి ఒక తాడుతో కట్టుకునేవారు. మెయిజీ కాలం తర్వాత ఆ ఎత్తికట్టే పద్ధతే నిత్యమైపోయి, నడుము దగ్గర పొడుగ్గా కనిపించే మడతగా మిగిలింది. దాని పేరు 'ఒహషోరి'. గెయిషా నడుస్తున్నప్పుడు ఆ ఈడ్చే అంచును ఎడమచేత్తో పట్టుకుంటుంది. అలా పడితే కిమోనో తెరుచుకునే పక్కకు మగవాడి చేయి చొరబడదు. నేనమ్మేది కళ, ఒళ్ళు కాదన్న ప్రకటన అది. 'ఎడమ అంచు పట్టడం' అంటే గెయిషా వృత్తిలోకి రావడమనే అర్థం వచ్చింది.

క్యోటోలో శిక్షణలో ఉన్న బాలనర్తకిని 'మైకో' అంటారు. ఆమె మెడపట్టీ ఎరుపుతో మొదలవుతుంది. చివరికి పూర్తి తెలుపు వేసుకునే రోజును 'ఎరికాయె', మెడపట్టీ మార్చడం, అంటారు. ఆ రోజు నుంచి ఆమె గెయికో, అంటే క్యోటో వాడుకలో పూర్తిస్థాయి గెయిషా. మైకో వీపు మీద మడమల దాకా వేలాడే 'దరారి' ఓబి పొడవు 5 మీటర్లకు పైనే. కొసన ఆమె ఇంటి చిహ్నం నేసి ఉంటుంది. ఆ బరువైన ఓబిని బిగించడం అమ్మాయిల వల్ల అయ్యే పని కాదు. అందుకని 'ఒతోకోషి' అనే పురుషులు వచ్చి కడతారు. స్త్రీల ఆ లోకంలోకి లోపలి గది దాకా రాగల మగవాళ్ళు దాదాపు వాళ్ళే. చాలా ఇళ్ళలో అది తండ్రి నుంచి కొడుక్కి వచ్చే పని.

ఇంట్లో తల్లి కూతురికి కట్టడం నేర్పే రోజులు రెండో ప్రపంచ యుద్ధంతో దాదాపు పోయాయి. 1960ల నుంచి రుసుం తీసుకుని కిమోనో కట్టడం నేర్పే బడులు వెలిశాయి. అక్కడ ముడత లేకుండా, గొట్టంలా బిగించి, బొద్దుగా ఉన్నచోట తువాళ్ళు కూరి కట్టడమే సరైన పద్ధతిగా నేర్పుతారు. వాళ్ళు లేకపోతే కట్టడమే తెలియకుండా పోయేదేమో, ఆ మేలు కాదనలేం. కానీ పాత బొమ్మల్లోని స్త్రీలు అలా లేరు. మెడ వెనక జారవిడిచి, ముందు వదులుగా ఉంచి, ఒంటితో పాటు బట్టనూ కదలనిచ్చారు. ఆ వదులుదనం ఇప్పుడు చూడాలంటే వేదిక దగ్గరికే వెళ్ళాలి.

1629 నిషేధం తర్వాత పెద్ద నాటకశాలల్లో స్త్రీ అన్నది మగవాడు చూపే రూపమే. స్త్రీలు నాట్యం మానలేదు. గెయిషాలుగా, ప్రభువుల అంతఃపురాల్లో గురువులుగా కొనసాగారు, కానీ కబుకి వేదిక వాళ్ళది కాలేదు. టోక్యోలో గెయిషాగా పెరిగిన సదయాక్కో (1871–1946) భర్త కవకామి ఒతోజిరో బృందంతో 1899లో అమెరికా వెళ్ళింది. అక్కడ వేదికెక్కి, 1900లో పారిస్ ప్రపంచ ప్రదర్శనకు చేరింది. అమెరికన్ నర్తకి లోయీ ఫుల్లర్ నాటకశాలలో ఆమె ఆడిన నాటకంలో దోజోజి నాట్యం ఉంది. మగవాళ్ళు ఒకటిన్నర శతాబ్దం పాటు చెక్కిన ఆ కదలికలను, ఆ దుస్తుల మార్పులను ఒక స్త్రీ తన ఒంటితో చేసి చూపితే రోజూ జనం కిక్కిరిశారు. రచయిత ఆంద్రె జీద్ ముగ్ధుడయ్యాడు. కుర్రవాడైన పికాసో ఆమె బొమ్మ గీశాడు. ఆ మోజులో పారిస్‌లోని ఒక దుకాణం ఆమె పేరు పెట్టి ఇంట్లో తొడుక్కునే వదులు గౌన్లు అమ్మింది. వాటికి ఓబి లేదు, అస్తరు లేదు, ముడి లేదు.

(వచ్చే భాగం: నడికట్టు లేని కిమోనో – పారిస్ దర్జీల చేతిలో)